కాలువల నగరంలో ఒక మధ్యాహ్నం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

విదేశాల్లో చూసినవాటి గురించి రెండు మాటలు చెప్పమన్నారు. మన మునగాల సాగర్ ఎడమ కాలువ కింది ఊరు కాబట్టి, కాలువల ఊరు గురించే చెబుతాను. అది నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్. ఒక మధ్యాహ్నం భోజనం చేసి, పొద్దుగూకేదాకా అక్కడ కాలినడకన తిరిగాను.

రైల్వే స్టేషన్ నుంచి డామ్ అనే కూడలికి పది నిమిషాల నడక. అక్కడి రాజభవనం మెత్తటి నేలలో దించిన 13,659 కొయ్య స్తంభాల మీద నిలబడి ఉంది. ఈ అంకెను అక్కడి బడిపిల్లలు గుర్తుపెట్టుకునే తీరు మన లెక్కల సార్లకు నచ్చుతుంది. ఏడాదికి రోజులు 365. దానికి ముందు 1, వెనక 9 చేర్చడమే!

పడమటి వైపు నడిస్తే వరుసగా మూడు పెద్ద కాలువలు వస్తాయి: హేరెన్‌గ్రాఖ్ట్, కైజర్స్‌గ్రాఖ్ట్, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్. వీటిని 1613లో తవ్వడం మొదలుపెట్టారు. 2010లో యునెస్కో ఈ కాలువల ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గట్ల వెంట ఇళ్లు ఇరుకుగా, ఎత్తుగా ఉంటాయి. లోపల మెట్లు నిట్టనిలువు. అందుకే ఇంటి నెత్తిన దూలానికి కొక్కెం పెట్టి, బీరువాలను, మంచాలను తాళ్లతో లాగి కిటికీలోంచి లోపలికి దించుతారు.

మళ్లీ తూర్పుకు వస్తే ఒక పాత ఇటుకల భవనం. 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ కార్యాలయం అదే. ఇప్పుడు విశ్వవిద్యాలయం వాడుకుంటోంది. ఆ వాకిట్లో నిలబడితే నాకు బందరు గుర్తొచ్చింది. 1606 నాటికే ఆ కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. మన నేతగాళ్ల బట్టలు తూర్పు దీవులకు తీసుకెళ్లి, వాటికి బదులుగా మసాలా దినుసులు తెచ్చుకుంది. మన ఊరి మీదుగా పోయే హైవే చివరకు చేరేది ఆ బందరుకే. కాలువ గట్టు మేడల్లో ఉన్న వర్తకుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ బట్ట నేసినవాళ్ల పేర్లు వెతికినా దొరకవు.

ఇక మన కాలువ సంగతి. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు సాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలారు. ఈ పేర్లు, తేదీలు మనందరికీ తెలుసు. మరి మట్టి తవ్విందెవరు? మా నాయనమ్మ కాలువ పనిలో తట్ట మోసింది. ఆమె లేదు. ఆమెతో పనిచేసినవాళ్లు ఇద్దరు మా బజారులో ఇంకా ఉన్నారు, ఎనభై దాటి. 2024 సెప్టెంబరు వరదల్లో నడిగూడెం మండలంలో గండి పడినప్పుడు అందరం కాలువ గురించి మాట్లాడుకున్నాం. మళ్లీ మరిచిపోయాం.

తెలుగులో చరిత్ర పుస్తకాలు రావాలని 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారు మన మునగాల దివాను. అందుకని సంఘానికి నాదొక మనవి. ఈ ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలకు తలా ఒక నోటుపుస్తకం ఇద్దాం. వాళ్ల ఊళ్లో కాలువ తవ్వినవాళ్ల దగ్గర కూర్చోబెడదాం. ఎక్కడి నుంచి వచ్చారు, కూలి ఎంత, నీళ్లు రాకముందు ఆ చెలకలో ఏం పండేది, మొదటి వరినాటు ఎప్పుడు వేశారు? ఇవన్నీ అడిగి రాయమందాం. తెలుగు సార్లు దిద్దితే, అచ్చు ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది.

నాలుగేళ్లు ఆగితే డబ్బులుంటాయి, చెప్పేవాళ్లుండరు. అందుకే ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెడదామని కోరుతూ, సెలవు తీసుకుంటున్నాను.