ఘానా ప్రథమాధ్యక్షుడు



1951లో క్వామే ఎన్‌క్రుమా అక్రాలోని జేమ్సుకోట చెరసాలయందుండియే యెన్నికలలో గెలిచెను. ఆంగ్లేయ గవర్నరు ఆయనను విడుదలచేసి ప్రభుత్వము నేర్పరచుటకు పిలువవలసివచ్చెను. ఆ వార్తకు సంతసింపని పరాధీనజాతి లేదు. గోల్డుకోస్టు 1957 మార్చి 6న ఘానాయను పేర స్వతంత్రమయ్యెను. 1960 జూలై 1న ఆయన ప్రథమాధ్యక్షుడయ్యెను.

నేను న్యాయవాదిని, నా దృష్టి చట్టములపైకే పోవును. 1958లోనే అచట నిర్బంధచట్టము పుట్టినది. విచారణ లేకయే మనుష్యుని అయిదేండ్లు బంధింపవచ్చును! 1961లో నిర్బంధితుల పక్షమున జె. బి. డాంక్వా సుప్రీముకోర్టులో వాదించెను. పదవి స్వీకరించునపుడు అధ్యక్షుడు ప్రజాస్వేచ్ఛను గూర్చి ప్రకటన చేసినాడుగదా యనెను. అది నైతికమైన కట్టుబాటే గాని కోర్టులు అమలుపరచునది కాదని న్యాయమూర్తులు తీర్పుచెప్పిరి. కొలదివారములకే ఆ వకీలును చెరసాల చేరెను.

ఈ డాంక్వా యెవరు? 1947లో ఎన్‌క్రుమాను లండనునుండి స్వదేశమునకు రప్పించిన నాయకులలో నొకడు. 1948లో ఆయనతోపాటు ఆంగ్లేయులచే నిర్బంధింపబడినవాడు. 1960లో అధ్యక్షపదవికి ఆయనతో పోటీచేసి ఓడినవాడు. 1962లో విడుదలయై, 1964లో మరల పట్టువడి, 1965 ఫిబ్రవరి 4న ఎన్‌సవాం చెరసాలలో మరణించెను. విచారణ జరుగనేలేదు.

మనమును 1950లో ఇట్టి చట్టమునే చేసికొంటిమి. కావున ఘానావారిని వేలెత్తి చూపుటకు నాకు నోరు రాదు. ఎన్‌క్రుమా పాఠశాలలు పెంచెను, వోల్టానదికి ఆనకట్ట కట్టించెను, కాదనను. ఆ యానకట్టను 1966 జనవరిలో ప్రారంభించెను. మరుసటినెల 24న, ఆయన విదేశయాత్రలో నుండగా, సైనికులు ప్రభుత్వమును కూలద్రోసిరి. నిర్బంధితులు వందలకొలది వెలికి వచ్చిరి. డాంక్వా పోయి అప్పటికి సంవత్సరము దాటినది.