మోటారు ప్రమాద దావా నోటీసు వచ్చినపుడు రైతు చేయవలసిన పనులు

(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



సస్యశాస్త్రము బోధించువాడు కోర్టు వ్యవహారములు మాటలాడుటేమని మీకు తోచవచ్చును. నేను వకీలును కాను. కాని ఈనాడు పెక్కు ఇండ్లలో కాడెద్దుల స్థానమున ట్రాక్టరు నిలిచినది. దాని ప్రక్కన మోటారు సైకిలు, కొందరి ఇండ్లలో ఒక పాత కారు కూడ ఉన్నవి. ఎద్దులకు మేత, నీరు చూచిన చాలును. మోటారు బండికి కాగితములు కూడ చూడవలెను. పైరును కాపాడుకొను విధము చెప్పు మేము, ఆ పైరు పెరుగు నేలను కాపాడుకొను విధము కూడ ఒకసారి చెప్పుట తగునని ఈ విషయము ఎత్తుకొంటిని.

ఒక సంగతి ఊహింతము. నూర్పిళ్లు ముగిసి రైతు ఇంటిపట్టున ఉండగా తపాలా జవాను ఒక కవరు తెచ్చి సంతకము పెట్టించుకొనును. అది పొరుగు జిల్లా కోర్టు నోటీసు. "మీ కారు ఫలానా తేదీ సాయంకాలము ఫలానా రోడ్డుపై మోటారు సైకిలును గుద్దినది, గాయపడినవానికి ఇన్ని లక్షలు ఇప్పించవలెను" అని అందులో ఉండును. రైతు ఆ రోడ్డు మొగము చూచి ఎరుగడు. ఇట్టి వేళ మనవారు మూడు పనులలో ఒకటి చేయుదురు. కొందరు భయపడి మధ్యవర్తిని పట్టుకొని రాజీకి పరుగెత్తుదురు. కొందరు కోపముతో కవరును తిప్పి పంపుదురు. కొందరు "నేను చేయలేదు గదా, నాకేమి" అని కాగితమును చూరులో దోపి మరచుదురు. మూడును నష్టమే. మూడవది అన్నిటికంటె పెద్ద నష్టము.

ఊరకుండిన ఏమగును?

ఈ దావాలను మోటారు ప్రమాదముల నష్టపరిహార ట్రిబ్యునల్ విచారించును. మన జిల్లాలలో జిల్లా న్యాయమూర్తులు, అదనపు జిల్లా న్యాయమూర్తులు ఈ అధికారము నెరపుదురు. 1988 మోటారు వాహనముల చట్టము 166వ సెక్షను క్రింద దావా వేయువాడు ప్రమాదము జరిగిన చోటనే వేయనక్కరలేదు. తాను నివసించు చోట గాని, ప్రతివాది నివసించు చోట గాని వేయవచ్చును. కావున దూరపు ఊరి కోర్టు ముద్ర చూచి "ఇది నాది కాదు" అనుకొనరాదు.

చెప్పిన దినమున మీరు గాని, మీ వకీలు గాని హాజరు కాని యెడల ట్రిబ్యునల్ ఎదుటి పక్షము మాట మాత్రమే విని తీర్పు చెప్పవచ్చును. దీనినే ఎక్స్‌పార్టీ తీర్పు అందురు. నోటీసు తీసికొనక తిప్పి పంపినను అది మీకు అందినట్లే లెక్క. తీర్పు సొమ్ము చెల్లించని యెడల, 174వ సెక్షను ప్రకారము ట్రిబ్యునల్ కలెక్టరుకు ధ్రువపత్రము పంపును. కలెక్టరు ఆ సొమ్మును భూమి శిస్తు బకాయి వలెనే వసూలు చేయును. శిస్తు బకాయికి జప్తు ఎట్లు వచ్చునో మన తాతల నాటినుండి మనకు తెలిసినదే. నేలను కాపాడుకొనుట అని మొదట అన్నది ఇందుకే.

మొదటి వారములో చేయవలసినవి

1. కవరు తీసికొని, అందిన తేదీ దానిపై వ్రాయుడు. హాజరు కావలసిన తేదీని గోడ క్యాలెండరులో గుర్తు పెట్టుడు.

2. నోటీసు నిజమైనదో కాదో చూడుడు. కోర్టు పేరిట మోసపు కాగితములు కూడ తిరుగుచున్నవి. ప్రతి కేసుకు సి.ఎన్.ఆర్. అను 16 అక్షరముల సంఖ్య ఉండును. ఈ-కోర్టుల యాప్‌లో ఆ సంఖ్య వేసి చూడవచ్చును, లేదా కోర్టు ఆఫీసులో విచారింపవచ్చును. ఫోనులో డబ్బు అడుగువానిని నమ్మకుడు.

3. నోటీసుతో దావా నకలు లేని యెడల అడిగి తెచ్చుకొనుడు. పోలీసుల ఎఫ్.ఐ.ఆర్., పంచనామా, అభియోగపత్రము, మోటారు వాహనముల ఇన్‌స్పెక్టరు నివేదిక, గాయముల సర్టిఫికేటు కూడ సంపాదింపవలెను.

4. బీమా కంపెనీకి వెంటనే వ్రాయుడు. ఏజెంటుకు నోటిమాట చెప్పుట చాలదు. నోటీసు, దావా, ఆర్.సి., పాలసీ, డ్రైవరు లైసెన్సు నకళ్లు జతచేసి స్పీడు పోస్టులో పంపి రసీదు దాచుడు. నేటి పాలసీ కాదు, దావాలో చెప్పిన తేదీన అమలులో ఉన్న పాలసీ కావలెను. పాలసీ సరిగా ఉండి, షరతులు తప్పని యెడల మూడవ వ్యక్తికి చెల్లించు భారము కంపెనీదే. దావా బూటకమైన యెడల అది తేల్చుట కంపెనీకి కూడ లాభమే.

5. వాహనమును నాలుగు వైపుల ఫోటోలు తీయించుడు. రంగు వేయుట, సొట్టలు తీయించుట కొంతకాలము ఆపుడు. గుద్దిన బండికి గుర్తులుండును; గుర్తులు లేకుండుట కూడ ఒక సాక్ష్యమే.

దావాను చదువు విధము

మడిలో తెగులు చూచినపుడు గట్టుపై నిలిచి మందు చెప్పము; ఆకు త్రిప్పి చూతుము. దావాను కూడ అట్లే చదువవలెను. బండి నంబరులో ఒక అంకె తేడా ఉన్నదా? బండి రంగు, రకము సరిపోయినవా? ప్రమాదము ఏనాడు, ఫిర్యాదు ఏనాడు? మొదటి ఫిర్యాదులో "గుర్తు తెలియని వాహనము" అని ఉండి, కొన్ని వారముల తరువాత మీ నంబరు ప్రవేశించినదా? గాయపడినవాడు ఆసుపత్రిలో మొదట ఏమి చెప్పినాడు?

ఇట్లు నంబరు మారుటకు ఒక కారణమున్నది. గుద్దిన వాహనము తెలియనపుడు ప్రభుత్వ పథకము క్రింద వచ్చునది 2022 ఏప్రిల్ 1 నుండి మరణమునకు 2 లక్షలు, తీవ్ర గాయమునకు 50 వేలు మాత్రమే. బీమా ఉన్న బండి నంబరు దొరికిన యెడల ఎన్నో రెట్లు అడుగవచ్చును. ఉత్తరప్రదేశ్‌లో బూటకపు దావాల విచారణకు అలహాబాదు హైకోర్టు 2015 ఉత్తర్వుపై ప్రత్యేక దర్యాప్తు బృందమునే నియమింపవలసి వచ్చినది. అయినను ప్రతి దావా బూటకమని తలపరాదు. పొరపాటున తప్పు నంబరు వ్రాసినవారు ఉందురు. మీరు లేనపుడు మీ బండిని కొడుకో, జీతగాడో తీసికొని పోయి ఉండవచ్చును. ఇంటిలో మొదట అందరిని నెమ్మదిగా అడుగుడు.

ఆ దినమున బండి ఎక్కడ ఉన్నదో చూపునది రైతు దగ్గర చాల ఉండును, మనమే గమనింపము. మార్కెట్ యార్డు తక్‌పట్టీ, కాటా చీటీ, ఎరువుల దుకాణపు బిల్లు, డీజిలు రసీదు, మెకానిక్ బిల్లు, టోల్‌గేటు ఫాస్టాగ్ లెక్క, ఇవన్నియు సాక్ష్యములే. సి.సి. కెమెరా బొమ్మలు కొద్ది దినములలో చెరిగిపోవును. వాటి కొరకు మొదటనే అడుగవలెను. లేని బిల్లు పుట్టించుట, తేదీ దిద్దుట మాత్రము ఎన్నడును చేయరాదు. ఒక దొంగ కాగితము పది నిజమైన కాగితములను పాడుచేయును. అది వేరొక నేరము కూడ.

కౌంటరు దాఖలు చేయుట

మీ జవాబును కౌంటరు అందురు. "దావా అంతయు అబద్ధము" అని ఒక్క వాక్యముతో సరిపెట్టరాదు. తేదీ, స్థలము, బండి, డ్రైవరు, గాయము, అడిగిన సొమ్ము, వీనిలో మీరు ఒప్పుకొనునది ఏది, ఒప్పుకొననిది ఏది అని వేరువేరుగా వ్రాయింపవలెను. కాదనని మాట ఒప్పుకొన్నట్లే కావచ్చును. పాలసీ నంబరు, కంపెనీ పేరు తప్పక చేర్పింపుడు.

పోలీసు కేసు వేరు, ఈ దావా వేరు. క్రిమినలు కేసులో సందేహమునకు తావులేని రుజువు కావలెను. ఇచ్చట ఏ పక్షము మాట ఎక్కువ సంభవమో అది చాలును. కావున క్రిమినలు కేసు కొట్టివేసినంత మాత్రమున దావా దానంతట అదే పోదు.

వకీలును పెట్టుకొను శక్తి లేనివారు మండల లేదా జిల్లా న్యాయసేవా సంస్థకు పోవచ్చును. స్త్రీలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి, వికలాంగులకు, ఆదాయ పరిమితికి లోబడినవారికి వకీలు ఉచితము. ఫోను నంబరు 15100. లోక్ అదాలత్‌లో రాజీపడుట మంచిదే గాని, అక్కడి అవార్డుపై అప్పీలు లేదు. చదివి, అర్థము చేసికొని సంతకము పెట్టుడు. తెల్ల కాగితముపై ఎవ్వరికిని సంతకము పెట్టకుడు.

ఇదివరకే ఎక్స్‌పార్టీ తీర్పు వచ్చి ఉన్నను నిరాశ పడనక్కరలేదు. దానిని రద్దు చేయుమని 30 దినములలో దరఖాస్తు పెట్టవచ్చును. నోటీసే సరిగా అందని యెడల తీర్పు సంగతి తెలిసిన నాటినుండి ఆ గడువు లెక్కించుదురు. హైకోర్టుకు అప్పీలు గడువు 90 దినములు. అందుకు 25,000 రూపాయలు గాని, తీర్పు సొమ్ములో సగము గాని, ఏది తక్కువైన అది ముందు డిపాజిటు కట్టవలెను.

ముందు జాగ్రత్తలు

బండి అమ్మిన పిమ్మట ఆర్.సి. మీ పేరనే ఉన్న యెడల నోటీసు మీకే వచ్చును. రిజిస్టరులో పేరున్నవాడే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టముగా చెప్పినది. రాష్ట్రములోనే అమ్మిన యెడల 14 దినములలో రవాణాశాఖకు తెలుపవలెనని చట్టము. సంతకము పెట్టిన ఫారములు కొన్నవాని చేతికిచ్చి ఊరకుండరాదు.

ట్రాక్టరుతో పాటు ట్రాలీకి కూడ బీమా ఉన్నదా చూచుకొనుడు. ట్రాలీలో కూలీలను ఎక్కించుట మానుడు. వారు పడి గాయపడిన యెడల కంపెనీ తన బాధ్యత కాదని వాదించును. భారము యజమానిపై పడవచ్చును. లైసెన్సు లేని కుర్రవానికి తాళము ఇవ్వకుడు. అట్టి సందర్భములలో కంపెనీ ముందు చెల్లించి, పిదప యజమాని నుండి రాబట్టుకొమ్మని తీర్పులు వచ్చుచున్నవి.

కడపట ఒక మాట. మీ బండి నిజముగా ఎవరినైన గుద్దిన యెడల దాచకుడు. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చుట, పోలీసులకు, కంపెనీకి తెలుపుట చట్టము చెప్పిన విధి. ఈ చట్టము రేపు మీ ఇంటివాడు రోడ్డుపై పడినపుడు మీ ఇంటికి అన్నము పెట్టునది కూడ. కావున దానికి భయపడకుడు, దానిని అలక్ష్యము చేయకుడు. చేయని తప్పును కాదని చెప్పుటకు ఒక చోటు, ఒక తేదీ ఉన్నవి. ఆ చోటికి, ఆ తేదీకి, కాగితములతో పోవుడు. ఇంటికి పోయిన వెంటనే మీ బండి ఆర్.సి., పాలసీ, లైసెన్సు బయటికి తీసి గడువులు చూచుకొనుడు. ఈ పూట అంతమాత్రము చేసినను ఈ ప్రసంగము సఫలమైనట్లే.