మంజీర ఇసుకలో మన తాగునీరు



ఎండాకాలంలో మంజీర ఎండిపోయిందంటాం. పైన ఎండుతుంది గాని, ఇసుక లోపల అంత తొందరగా ఎండదు. ఇసుకలో చెలిమె తవ్వి, మొదటి మురికి నీళ్లు తోడి పారబోసి, తేటపడ్డాక చిప్పతో బిందె నింపుకున్నవాళ్లు ఈ సభలోనే ఉంటారు. ఇన్‌ఫిల్ట్రేషన్ బావి చేసేదీ అదే పని. ఇసుకలోకి సిమెంటు వరలు దించి, అడుగున చిల్లుల పైపులు పరిచి, చుట్టూ కంకర పోస్తారు. ఊరిన నీటిని మోటారు ట్యాంకుకు ఎక్కిస్తుంది.

ముతక ఇసుక ఘనమీటరుకు సుమారు 200 లీటర్లు వదులుతుంది. కిలోమీటరు పొడవు, 100 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల మందాన తడి ఇసుక ఉంటే 6 కోట్ల లీటర్లు. మనిషికి రోజుకు 100 లీటర్ల చొప్పున 3 వేల మంది ఊరికి 200 రోజులు. కాగితం లెక్కే, అందులో కొంత బావికి అందదు. అయినా బండరాతి పగుళ్లలో వెతుక్కునే మన బోర్లకు ఇంత నిల్వ ఎక్కడిది?

ఇసుక వడపోస్తుంది కూడా. 1892లో జర్మనీలోని హాంబర్గ్ ఎల్బే నది నీళ్లను వడపోయకుండా తాగి, కలరాతో వేలమందిని పోగొట్టుకుంది. దిగువనున్న ఆల్టోనా, హాంబర్గ్ మురుగు కలిసిన నీళ్లనే ఇసుకలో వడపోసి తాగి చాలావరకు బయటపడింది. అయితే పొలాల యూరియా నుంచి వచ్చే నైట్రేట్‌ను ఇసుక ఆపుతుందని నమ్మకండి. పరీక్షలు చేయించాలి, క్లోరిన్ కలపాలి.

“ఏటి ఇసుక తోడి అమ్మితే ఏముంది, వరద మళ్లీ తెస్తుంది” అనేవాళ్లున్నారు. ఎక్కడి నుంచి తెస్తుంది? 1931లో మనకు ఎగువన నిజాంసాగర్ డ్యాము పూర్తయినప్పటి నుంచి పైనుంచి వచ్చే ఇసుకలో చాలా భాగం డ్యాములోనే ఆగిపోతోంది. ఇప్పుడు లారీకెక్కేది పాత నిల్వ. పైగా బావి పక్కన లోతుగా గుంత పడితే చుట్టుపక్కల ఊట దాంట్లోకే దిగి ఎండకు ఆవిరైపోతుంది. అప్పుడు చిల్లుల పైపు గాలి పీలుస్తుంది, మోటారు కాలుతుంది. తాగునీటి బావికి 250 మీటర్ల లోపు కొత్త బోరును 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం అడ్డుకుంటుంది. ఇసుక గుంత విషయంలోనూ పంచాయతీ అంతే గట్టిగా ఉండాలి.

మిషన్ భగీరథ నల్లా వచ్చాక ఈ బావి ఎందుకంటారా? దూరపు పైపు పగిలిన వారం అడగండి, చెప్తాను. ఈలోగా బావి లోపలి వరల మీద మీటరు గీతలు గీయించండి. వారానికోసారి, తెల్లవారి మోటారు వేయకముందే నీటిమట్టం చూసి పుస్తకంలో రాయించండి.