ఆవలి రేవు నుంచి పాఠం



మా మాస్టారి జ్ఞాపకార్థం జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినవాళ్ళు అంశం కూడా వాళ్ళే రాసి పంపారు. విశ్వవిద్యాలయ పాఠాల్లోకి బహుళ సంస్కృతుల దృష్టి రావాలంటే అధ్యాపకులకు ఏ సాయం కావాలి అన్నది అంశం. ఉత్తరం చదివి కాస్త బెంగ పడ్డాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే పేరున నాలుగు వారాల శిక్షణకు వెళ్ళాను. తెర మీద భారతదేశ పటం, దాని చుట్టూ రకరకాల తలపాగాలూ చీరలూ. నాలుగు వారాలూ అదే పటం. సర్టిఫికెట్ ఇచ్చారు, ప్రమోషన్ ఫైల్లో పెట్టుకున్నాను, తిరిగొచ్చి పాత నోట్సే చెప్పాను. ఆ నోట్సులో లోటు ఎక్కడుందో తరవాత నాకు చూపించింది కాకినాడ జగన్నాథపురం నుంచి వచ్చిన ఒక ముసలావిడ.

కాకినాడ వాళ్ళకి కోరంగి అంటే ఇప్పుడు మడ అడవి, చెక్క వంతెన, ఆదివారం పడవ షికారు. నా పాఠంలో కోరంగి ఓడరేవు. ఓడలు కట్టిన ఊరు, 1839 నవంబరు ఉప్పెనలో దెబ్బతిన్న ఊరు. మన తీరం నుంచి జనం బర్మాకి ఎంతగా వలస పోయారంటే, అక్కడ ఈ ఊరి పేరే మనిషి పేరైపోయింది. శ్రీకాకుళం నుంచి వెళ్ళినవాడైనా సరే, తెలుగు కూలీ అయితే వాడు 'కోరంగీ'. ఆ పిలుపులో మర్యాద లేదు. అదే బర్మాలో, రంగూన్‌లో సంపాదించి ఆస్తి ధర్మానికి రాసిచ్చిన మల్లాడి సత్యలింగ నాయకర్ గారి పేరున జగన్నాథపురంలో ఈనాటికీ పిల్లలు చదువుకుంటున్నారు.

పాఠంలో 1930 కూడా ఉండేది. ఆ మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు బర్మా వాళ్ళని పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తేలి మనవాళ్ళు తిరిగి పనిలోకి రాగానే బర్మా వాళ్ళని పొమ్మన్నాయి. 26వ తేదీన రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వందమందికి పైగా పోయారు, అందులో ఎక్కువమంది మనవాళ్ళు. నా నోట్సులో దీని శీర్షిక 'తెలుగువారిపై బర్మీయుల దాడి'.

1993లో ఈ పాఠం చెప్పి తరగతి బయటికొస్తుంటే ఒకమ్మాయి వెనకాలే వచ్చింది. "మా నాయనమ్మ రంగూన్‌లోనే పుట్టిందండి. తీసుకురానా?" అంది. మర్నాడు తీసుకొచ్చింది. డెబ్భై దాటిన మనిషి. కుర్చీ వేస్తే అంచున కూర్చుంది. చేతిలో నల్ల లక్క డబ్బా, మూత మీద అరిగిపోయిన ఎర్ర గీతలు, లోపల వక్కపలుకులు. మాట్లాడినంతసేపూ మూత తీస్తూ పెడుతూనే ఉంది. 1942 మొదట్లో ఓడెక్కి వచ్చేశారట. రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయని పారిపోయి వస్తే, ఏప్రిల్ 6న కాకినాడలో కూడా అదే చప్పుడు విందట. పిల్లలు నవ్వారు, ఆవిడా నవ్వింది. తరవాత 1930 సంగతి అడిగాను. అప్పటికి ఎనిమిదేళ్ళ పిల్ల. మెట్ల కింద దాక్కోవడం, బయట పరుగులు, అన్నీ చెప్పి చివర్లో ఇలా అంది:

"మా పక్కింట్లో బర్మా ఆవిడుండేది మేష్టారూ. మావోళ్ళు పన్లోకెళ్ళని రోజుల్లో ఆవిడ కొడుక్కి రేవులో పని దొరికింది. ఆ నాలుగు రోజులూ ఆళ్ళింట్లో రెండు పూటలా పొయ్యి ఎలిగింది. మావోళ్ళు మళ్ళీ ఎళ్ళిన పొద్దున ఆడు తిరిగొచ్చేసి అరుగు మీద కూకున్నాడు. ఊరు ఆళ్ళది, పని మాది."

ఆ రాత్రి నోట్సు తీసి చూశాను. కొట్టేయాల్సిన వాక్యం ఒక్కటీ కనబడలేదు. తేదీలు సరే, అంకెలు సరే. అయితే మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఈ రేవులో నుంచుని చెప్పిన పాఠమే అది. అరుగు మీద కూర్చున్న ఆ కుర్రాడికి చోటు లేదు. శీర్షిక మార్చాను. మొదట కంపెనీల ఎత్తు చెప్పి, తరవాత రెండు ఇళ్ళ పొయ్యిల సంగతి చెప్పడం మొదలెట్టాను. పాఠం పది నిమిషాలు పెరిగింది, అంతే.

అందుకే, బహుళ సంస్కృతుల కోసం సిలబస్‌కి ఇంకో యూనిట్ తగిలిద్దాం అంటే నాకు భయం. అది అయిదో యూనిట్ అవుతుంది. అయిదో యూనిట్ ఏమవుతుందో ఇక్కడున్న అధ్యాపకులకు నేను చెప్పక్కర్లేదు, ఛాయిస్‌లో పోతుంది. ఇప్పుడు చెబుతున్న పాఠంలోనే ఆవలి రేవు చూడాలి.

మన కాకినాడలో ఆ పని చేయాలంటే రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి దగ్గరే మొదలెట్టాలి. 1904 నుంచి 1919 దాకా పిఠాపురం రాజావారి కాలేజీకి ప్రిన్సిపాల్. ఆడపిల్లల్ని కాలేజీలో చేర్చుకున్నారు, దళిత విద్యార్థులకు చదువూ వసతీ చూశారు. తరగతిలో ఎవరు కూర్చోవచ్చు అన్న తగువు ఈ ఊళ్ళో ఆయన చేతుల మీదుగా తేలింది. ఆయన మీద నాకు భక్తి ఉంది. ఆ భక్తితోనే ఒక మాట అంటాను. భోగంమేళాలకు వెళ్ళబోమని కుర్రాళ్ళ చేత ప్రమాణాలు చేయించిన ఉద్యమాన్ని మనం సంఘసంస్కరణ పాఠంలో ఒక్క వైపు నుంచే చెబుతున్నాం. ఎగతాళికీ దోపిడీకీ గురైన స్త్రీల్ని కాపాడాలన్న తపన అందులో నిజంగానే ఉంది. కానీ ఆ మేళంలో ఆడే మనిషి ఏమంది? పిఠాపురం కుంతీమాధవస్వామి గుడిలో నవజనార్దన పారిజాతం ఆడినవాళ్ళు, బల్లిపాడు, ముమ్మిడివరం కళావంతులు ఆ పాఠంలో నోరు విప్పరు. వాళ్ళ గురించి మిగతా అందరూ మాట్లాడతారు. పిఠాపురం రాజావారు నాయుడు గారికి శిష్యుడు. గుడిలో ఆటా కాలేజీలో ప్రమాణమూ ఒకే సంస్థానం నీడన నడిచాయి. ఇంత మంచి పాఠం మన గుమ్మంలో ఉండగా పక్కనుంచి నడిచిపోతున్నాం.

అలాంటి మేళాల ఆడవాళ్ళ నోరు కాగితం మీద దొరుకుతుంది. తంజావూరు ప్రతాపసింహుడి కాలపు ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి అచ్చు వేయించింది. వీరేశలింగం గారు ముద్దుపళనిని ఎంత కటువుగా తూలనాడారో కవుల చరిత్రలో ఉంది. ఆయనకు నాగరత్నమ్మ పీఠికలో జవాబు చెప్పింది. మరుసటి ఏడే ప్రభుత్వం పుస్తకాన్ని పట్టుకుంది. నిషేధం పోవడానికి 1947 దాకా, ప్రకాశం పంతులు గారి చొరవ దాకా ఆగాల్సొచ్చింది. కవుల చరిత్రలో ఆ నాలుగు వాక్యాలూ, ఆ పీఠికా పక్కపక్కన పెట్టి ఒక్క గంట చదివించండి, చాలు. రాజమండ్రి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము'ను గరిమెళ్ళ పాట పక్కన పెడితే జాతీయోద్యమం యూనిట్‌కి కూడా ఇదే జరుగుతుంది.

కాగితం అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, నేనొక తప్పు చేశాను. ఒక దళిత విద్యార్థిని లేపి "నీ అనుభవం చెప్పు బాబూ" అన్నాను, పెద్ద ఉదారుణ్ణనుకుని. వాడు లేచి, "నేను వినడానికొచ్చానండి. చెప్పడం మీ పని కదండీ," అని కూర్చున్నాడు. సాయంత్రం మాస్టారికి చెప్పుకుంటే ఆయన ఓదార్చలేదు. "నువ్వు చదవాల్సింది వాడి నెత్తిన పెట్టావు. వాడు దించేశాడు," అన్నారు. ముసలావిడ తనంతట తాను వచ్చి చెప్పింది. వాణ్ణి నేను లేపాను. కళావంతుల పాఠంలో అయితే ఈ తప్పు ఇంకా ప్రమాదం. ఆ ఇళ్ళలో రెండు తరాలుగా దాచుకుంటూ వచ్చిన మాటని, ఎవరో తెలియకుండానే, నలుగురిలో లాగినట్టవుతుంది.

మాస్టారు చేసిన సాయం గురించి చెప్పాలి. శనివారం మూడింటికి స్టాఫ్ రూములో కూర్చోబెట్టేవారు. టీ, ఒక పొట్లం కాజాలు. ఉపన్యాసాలు నిషేధం. ఎవరో ఒకరు వచ్చేవారం చెప్పబోయే ఒక్క పాఠం తెచ్చి పైకి చదవాలి. మిగతావాళ్ళు రెండే అడగాలి: ఇందులో ఎవరు మాట్లాడారు, ఎవర్ని గురించి మాట్లాడారు? చరిత్ర వాళ్ళకే పనికొస్తుందనుకున్నాం. జువాలజీ ఆయన ఇలస పాఠం తెచ్చాడు. "లాటిన్ పేరు ఒక్కటే. సముద్రంలో ఇలస, గోదారి ఎర్రనీటికి ఎదురీదితే పులస. పేరు మారడానికి లోపల ఏం మారిందో కుంభాభిషేకం రేవులో అడిగొచ్చావా?" అన్నారు మాస్టారు. ఆయన వెళ్ళాడు. గంపల దగ్గర రెండు గంటలు నుంచుని, చొక్కా నిండా నీచు వాసనతో, రాసుకున్న కాగితాలతో తిరిగొచ్చాడు.

ఇంజినీరింగ్ కాలేజీ నుంచి వచ్చిన కుర్ర లెక్చరర్ మాత్రం నవ్వాడు. "బ్యాక్‌వాటర్ లెక్కలో సంస్కృతి ఎక్కడ పెట్టమంటారండీ?" మాస్టారూ నవ్వారు. "లెక్క ఏం మార్చకయ్యా. నీళ్ళు ఏ కాంటూరు దాకా ఎక్కుతాయో తేల్చాక కింద ఒక్క ప్రశ్న రాయి. ఆ గీతకి లోపల ఏ ఊళ్ళున్నాయి, అక్కడ ఏ భాష మాట్లాడతారు?" 1852 నాటి ధవళేశ్వరం ఆనకట్ట మా డెల్టాకి అన్నం పెట్టింది, కాటన్ దొరకి మేం దణ్ణం పెడతాం. పోలవరం ఎగువన కోయల, కొండరెడ్ల ఊళ్ళలో అదే గోదావరి ఇంకో రకంగా కనబడుతుంది. ఇంజినీరింగ్ పిల్లలు రేపు ఆ గీతలు గీసేవాళ్ళే.

ఇంతకు మించి ఏం కావాలి అని అడిగితే, వారానికి ఒక గంట ఖాళీ, నాలుగు జిరాక్సు కట్టలు, పక్కన కూర్చుని వినే ఒక తోటి అధ్యాపకుడు. ఇవి ఖరీదైనవి కావు. కానీ వీటికి ఫారం లేదు. ఆ ముసలావిడకి రిక్షా డబ్బులిద్దామని ఓచరు పెడితే, 'అతిథి ఉపన్యాసకుల విద్యార్హత' అన్న గడి ఖాళీగా ఉందని వెనక్కొచ్చింది. మాస్టారు జేబులోంచి తీసి ఇచ్చారు.

ఆ ఏడు పరీక్షలో బర్మా వలస మీద ప్రశ్న పడింది. మనవరాలు బాగానే రాసి ఉంటుందనుకుని అడిగాను. "నాయనమ్మ మాట రాస్తే మార్కులు వేస్తారో వేయరోనని గైడులోదే రాసేశానండి," అంది. పేపర్లు దిద్దేది ఎక్కడివాళ్ళో నాకూ తెలీదు. వేస్తారమ్మా అని అప్పుడు అనలేకపోయాను.