టేకు మొద్దులో వానల లెక్క



మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైనది. ఆ యేడే మీలో ఒకరు శంకరపల్లి వైపు చేను గట్టున టేకు మొక్క నాటినారనుకొందాము. దానిని నేడు కొట్టిన, 2002, 2009 కరువులను ఆ మొద్దులో వెదకవచ్చును.

ఎట్లందురా? టేకు ఎండలకు ఆకు రాల్చి ఎదుగుట మానును. తొలకరికి చిగిర్చి, ముందుగా పెద్ద రంధ్రములున్న కలపను పెట్టును. అందుచే ఏటికొక వలయము తేటగా తెలియును. వాన చాలని యేడు అది సన్నబడును. వేప, చింతలలో ఇంత స్పష్టత వుండదు. బెరడు నుండి లోపలికి లెక్కించవలెను.

అయితే బావి ప్రక్క చెట్టును నమ్మరాదు. దానికి కరువేమి తెలియును! మెట్ట చెట్టునే చూడవలెను. అదియు ఒక్కటి చాలదు. పురుగు ఆకు తినినను వలయము సన్నగిల్లును; ఒక్కొక్క యేడు దొంగ వలయము కూడ పడును. కనుక శాస్త్రజ్ఞులు పలు చెట్లను పోల్చి యేళ్లు సరిచూతురు. చెట్టు కొట్టనక్కరలేదు, బోలు బరమాతో పెన్సిలంత పుల్ల తీసిన చాలును.

భారత వాతావరణ శాఖ ఏర్పడినది 1875లో. కేరళ టేకుల నుండి పుణె శాస్త్రజ్ఞులు 1481 మొదలు 2003 వరకు 523 యేళ్ల లెక్క తీసి 2010లో ప్రకటించిరి. ఎల్‌నినో వచ్చి వానలు తగ్గిన యేళ్ల జాడ అందులో కనబడినది. కరువు ఎన్నేళ్లకొకసారి వచ్చునో పదేళ్ల జ్ఞాపకముతో తేలదు. బావికి అప్పు తెచ్చువారికి అది తెలియవలెను గదా.

మెట్టలోని పాత టేకు అమ్మినపుడు మొదట ఒక బిళ్ల కోయించి, కొట్టిన యేడు దానిపై వ్రాసి దాచుడు.