హెల్మెట్టులోని నురుగు

నాచారం పారిశ్రామికవాడలో పని ముగించుకొని ఉప్పల్ మీదుగా ఇండ్లకు మరలు మోటారు సైకిలు వారి తలలపై హెల్మెట్టును మనము నిత్యము చూచుచున్నాము. పైనున్న గట్టి చిప్ప అందరికిని కనిపించును. కాని దెబ్బ తీవ్రతను చాలవరకు మ్రింగునది లోపలి తెల్లని థర్మోకోల్ పొర. అది పాలిమర్ నురుగు. గాలి నిండిన సన్నని గదుల కూర్పు.

దానిని నొక్కినప్పుడు మూడు దశలు కలవు. మొదట గదుల గోడలు కొద్దిగా వంగును. పిమ్మట అవి వరుసగా కూలును. అప్పుడు ఒత్తిడి అంతగా పెరుగకయే నురుగు నలుగుచుండును. తుదకు గదులన్నియు మూతపడి నురుగు దిమ్మయగును. తలను కాపాడునది ఈ నడిమి దశయే. నురుగు మరీ మెత్తనిదైనచో త్వరగా దిమ్మకట్టును. మరీ గట్టిదైనచో నలుగనే నలుగదు. రెండు విధములను కష్టము తలకే.

ఈ నడవడిని ముందుగా లెక్కించుట ఎట్లు? గిబ్సన్, యాష్‌బీ అను శాస్త్రజ్ఞులు 1988లో ప్రకటించిన గ్రంథమున ఇట్టి సూత్రములు కలవు. పరుపులలోని స్పంజి వంటి నురుగున సాంద్రత సగమైనచో బిరుసుతనము సుమారు నాలుగవ వంతగును. కాని వేడి, దెబ్బ వేగము, గదుల ఆకారము కలిసినప్పుడు ఒక్క సూత్రము చాలదు.

ఇచ్చట న్యూరల్ నెట్‌వర్క్, అనగా నాడీజాలమను గణనపద్ధతి తోడ్పడును. గృహిణి వంకాయను నొక్కి లేతదో ముదురుదో చెప్పును. ఆమెకు సూత్రము లేదు. ఎన్నో కాయలను నొక్కి, తరిగి చూచి, అంచనా దిద్దుకొనిన అనుభవమే ఆధారము. నాడీజాలమును అట్లే నేర్చును. సాంద్రత, వేడి, వేగము తెలిపినచో అది ఒత్తిడిని ఊహించును. యంత్రముపై కొలిచిన విలువతో సరిచూచి, తేడాను బట్టి తనలోని అంకెలను వేలమార్లు సవరించుకొనును. ఈ సవరణ విధానమును 1986లో ప్రచురించిన మువ్వురిలో ఒకరైన జెఫ్రీ హింటన్ 2024లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమానమును పంచుకొనిరి.

అయితే వంకాయలు మాత్రమే ఎరిగినవారు పనసకాయను నొక్కి ఏమి చెప్పగలరు? చల్లని గదిలోని కొలతలతో నేర్చిన జాలము, మే నెల ఎండలో కాగిన హెల్మెట్టును గూర్చియు సంకోచింపక ఒక అంకె చెప్పును. వేడికి థర్మోకోల్ మెత్తబడును గనుక ఆ అంకెను నమ్మరాదు. మన ఎండలలో నురుగును నలిపి కొలిచిన పిమ్మటనే జాలమునకు నేర్పవలెను. అది పరీక్షల సంఖ్యను తగ్గించును. పరీక్షకు బదులు కాజాలదు.

శ్రోతలు గమనింపవలసినది ఒకటి కలదు. నలిగిన థర్మోకోల్ పూర్వపు శక్తిని తిరిగి పొందదు. కావున ఒకసారి దెబ్బతిన్న హెల్మెట్టు, చిప్ప చెదరకున్నను, విడువదగినది. ఐ.ఎస్.ఐ. ముద్ర గల దానినే కొని, గడ్డము క్రింది పట్టీని బిగించి ధరింపవలెను.