నేల త్రాగు నీరు

ప్రమిదలోని నూనె వత్తిని బట్టి పైకెక్కుట మనమందఱమును నిత్యము చూచుచున్నదే. దీనికి కేశాకర్షణమని పేరు. గాజు గొట్టపు రంధ్రము మిల్లీమీటరు వెడల్పుదైనచో నీరందు సుమారు 3 సెంటీమీటర్లు లేచును. అందు పదవ వంతైనచో 30 సెంటీమీటర్లు లేచును. నీరు గాజును తడుపును గనుక పైకెక్కును. పాదరసము తడుపదు గనుక క్రిందికి దిగును. తామరాకుపై నీరు ముత్యమై దొర్లుటయు తడుపకపోవుటచేతనే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమల మెట్టరైతునకు ఇది వట్టి శాస్త్రచర్చ గాదు. వాన వెలిసిన పిదప ఎఱ్ఱనేల గట్టిపడును. మంటిరేణువుల నడుమనున్న సన్నని సందులు వత్తివలె లోని తడిని పైకి దెచ్చును; ఎండ దానిని హరించును. పదునుండగనే సాళ్ల నడుమ గుంటక తోలినచో పైమన్ను గుల్లయై ఆ సందులు తెగును. పెద్ద సందులు నీటిని పైకి లాగజాలవు. తడి వేళ్లకు దక్కును. కలుపును నశించును. నేల యారిన పిమ్మట తోలిన ఫలమేమి? పోయిన తడి మరల రాదు.

ఒక్క హెచ్చరిక. వేరుసెనగ విత్తిన 45 దినములు దాటి ఊడలు దిగిన తరువాత మాత్రము నేలను కదల్పరాదు. తడిని కాపాడబోయి కాయను పోగొట్టుకొనుట వివేకము గాదు గదా!